జాన్ బ్రౌనింగ్: తేలిక తూటాకూ బరువు తూటాకూ ఒకే షాట్‌గన్‌ను సిద్ధం చేసిన ఆగ్డెన్ కమ్మరి

దిల్లీ దక్షిణ శివార్లలోని తుగ్లకాబాద్‌లో డాక్టర్ కర్ణీ సింగ్ షూటింగ్ రేంజ్ ఉంది. 1982 ఆసియా క్రీడల కోసం దానిని నిర్మించారు. ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొని, 1962 కైరో ప్రపంచ పోటీల్లో రజతం సాధించిన బికనేర్ మహారాజు కర్ణీ సింగ్ పేరే తర్వాత ఆ రేంజ్‌కు స్థిరపడింది. ట్రాప్, స్కీట్ క్రీడాకారులు అక్కడ గాలిలోకి దూసుకువెళ్లే మట్టి బిళ్లలను షాట్‌గన్‌తో పగలగొడతారు. బిళ్ల వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు.

ఆ బిళ్లను కొట్టే 12 బోర్ తూటాలో సీసపు గుళ్ల బరువు 24 గ్రాములు మించరాదన్నది అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమం. వేటకు వాడే తూటాల్లో గుళ్ల బరువు 32 నుంచి 36 గ్రాముల వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఉంటుంది. రోజుకు వందల తూటాలు కాల్చే క్రీడాకారుడి భుజానికి తేలిక తూటా ఎంతో ఉపశమనం. సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌కు మాత్రం అదే అసలైన పరీక్ష.

కారణం సులభంగానే అర్థమవుతుంది. సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఖాళీ తూటాను బయటకు విసిరి, కొత్త తూటాను లోపలికి ఎక్కించుకోవడానికి కావలసిన శక్తిని పేలిన తూటా నుంచే తీసుకుంటుంది. తూటా తేలికైతే ఆ శక్తి తగ్గుతుంది. తుపాకీ సగంలో ఆగిపోతుంది, ఖాళీ తూటా తలుపులో ఇరుక్కుంటుంది. బరువు తూటాకు తగినట్లు అమర్చిన తుపాకీ తేలిక తూటాకు పనిచేయదు. తేలిక తూటాకు అమర్చిన తుపాకీ బరువు తూటా ధాటికి పగుళ్లు తీస్తుంది.

ఈ చిక్కుముడిని విజయవంతంగా విప్పి, సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌ను పెద్దయెత్తున మార్కెట్లోకి తెచ్చిన తొలి వ్యక్తి జాన్ మోజెస్ బ్రౌనింగ్. ఆ తుపాకీ కోసమే ఆయన తనకు రెండు దశాబ్దాలుగా అన్నం పెట్టిన కంపెనీతో తెగతెంపులు చేసుకున్నారు.

ఆగ్డెన్‌లో తండ్రి కొట్టం

బ్రౌనింగ్ 1855 జనవరి 23న అమెరికా పశ్చిమ ప్రాంతంలోని ఆగ్డెన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. నేడు అది యూటా రాష్ట్రంలో ఉంది. తండ్రి జొనాథన్ బ్రౌనింగ్ తుపాకులు చేసే కమ్మరి. ఇల్లినాయ్‌లోని నావూలో మోర్మన్ సమాజంతో కలిసి జీవించి, ఆ సమాజం పడమరకు వలస వచ్చినప్పుడు 1852లో ఆగ్డెన్ చేరుకున్నారు. ముగ్గురు భార్యల ద్వారా ఆయనకు 22 మంది సంతానం. జాన్ రెండవ భార్య ఎలిజబెత్ క్లార్క్ కుమారుడు.

తండ్రి కొట్టమే జాన్‌కు బడి. విరిగిన తుపాకీ భాగాలు, ఇనుప తుక్కు, కొలిమి, ఆకురాళ్లు ఆయన బాల్యంలోని ఆటవస్తువులు. పదేళ్ల వయసులోనే పాత తుపాకీ గొట్టం ఒకటి తుక్కులోంచి ఏరుకుని, చెక్క ముక్కకు తీగతో కట్టి తుపాకీ తయారు చేశారని, తమ్ముడు మ్యాట్‌ను వెంటబెట్టుకుని దానితో పిట్టలను కొట్టుకొచ్చారని కుటుంబ కథనం. 15 ఏళ్లు వచ్చేసరికి బడి చదువు ముగిసింది. గణితం, యంత్రశాస్త్రం ఆయన ఏ కళాశాలలోనూ చదువుకోలేదు.

1879 ఆయన జీవితంలో పెద్ద మలుపు. ఆ ఏడాది ఆయన రేచల్ థెరిసా చైల్డ్‌ను వివాహం చేసుకున్నారు. తండ్రి మరణించారు. అక్టోబర్ 7న ఒకే తూటా పట్టే రైఫిల్‌కు తొలి పేటెంట్ లభించింది. తమ్ముడు మ్యాట్, సవతి తల్లి కుమారులైన సోదరులతో కలిసి ఆయన ఆగ్డెన్‌లో చిన్న కర్మాగారం పెట్టి ఆ రైఫిళ్లను తయారు చేయసాగారు. మ్యాట్ లెక్కలు, వ్యాపారం చూసుకునేవారు. మరో సోదరుడు ఎడ్ లోహపు పనిలో నేర్పరి. జాన్ మనసులో ఊహించిన దానిని ఎడ్ ఉక్కులోకి మార్చేవారు. కాగితంపై పూర్తి నమూనా చిత్రాలు గీసుకోవడం జాన్‌కు అలవాటు లేదు.

ఎనిమిది వేల డాలర్లు

ఆ రైఫిళ్లలో ఒకటి 1883లో వించెస్టర్ కంపెనీ ప్రతినిధి చేతికి చిక్కింది. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో ఉన్న ప్రధాన కార్యాలయానికి ఆయన దానిని పంపించారు. కంపెనీ ఉన్నతాధికారి టి.జి. బెనెట్ వెంటనే రైలెక్కి ఆగ్డెన్ చేరుకున్నారు. బేరం ఎనిమిది వేల డాలర్లకు కుదిరింది. ఆ రైఫిల్ 1885 మోడల్‌గా వించెస్టర్ పేరుతో వెలువడింది.

అప్పటినుంచి దాదాపు రెండు దశాబ్దాల పాటు బ్రౌనింగ్ కొత్త నమూనాలు చేసుకుంటూ వెళ్లడం, వించెస్టర్ వాటిని కొనుక్కోవడం ఆనవాయితీగా మారింది. 1886 మోడల్ రైఫిల్, 1887 మోడల్ షాట్‌గన్, 1892 మోడల్ రైఫిల్ ఆ కాలపు ఫలాలు. 1894 మోడల్ రైఫిల్ కాలక్రమంలో 70 లక్షలకు పైగా అమ్ముడైంది. ముందున్న చెక్క పిడిని వెనక్కీ ముందుకూ లాగితే తూటా మారే 1897 మోడల్ పంప్ షాట్‌గన్ పది లక్షలు దాటింది.

కానీ కంపెనీ కొన్న నమూనాలు నలభైకి పైగా ఉంటే, వాటిలో తయారైనవి పది మాత్రమే. మిగిలినవి ప్రత్యర్థుల చేతికి చిక్కకుండా బీరువాల్లో భద్రపరిచారు. పైగా ఒప్పందాలన్నీ ఒకేసారి సొమ్ము చెల్లించే పద్ధతిలోనివే. ఎన్ని లక్షల తుపాకులు అమ్ముడైనా, తయారుచేసిన వ్యక్తికి అదనంగా ఒక్క డాలరూ అందేది కాదు. ఈ అసమానత తర్వాతి కాలంలో నిప్పు రాజేసింది.

గడ్డి ఎందుకు వంగింది

1889లో ఆగ్డెన్ సమీపంలో జరిగిన ఒక కాల్పుల సాధనలో బ్రౌనింగ్ ఓ సంగతి గమనించారు. రైఫిల్ పేలిన ప్రతిసారీ గొట్టం కొన ముందున్న గడ్డి మొక్కలు ఒక్కసారిగా వంగిపోతున్నాయి. గుండుతో పాటు వెలువడే వాయువు వాటిని తోస్తోంది. అంటే కాల్చిన ప్రతిసారీ కొంత శక్తి ఊరికే గాలిలో కలిసిపోతోంది. ఆ శక్తితో తుపాకీ తన పని తానే చేసుకోగలదేమోనన్న ఆలోచన ఆయనకు కలిగింది.

ఆ ఆలోచన నుంచే వాయుశక్తితో నడిచే మెషిన్ గన్ పుట్టింది. కోల్ట్ కంపెనీ దానిని 1895 మోడల్‌గా విడుదల చేసింది. పేలుడు శక్తిని వాడుకోవడానికి రెండో మార్గం కూడా ఉంది. తుపాకీ పేలినప్పుడు భుజాన్ని వెనక్కి తన్నుతుంది. దానినే రికాయిల్ అంటారు. ఐరోపాలో హైరమ్ మాక్సిమ్ అప్పటికే ఆ శక్తితో మెషిన్ గన్ నడిపించారు. అయితే సైన్యపు మెషిన్ గన్‌కు ఒకే రకం తూటా అందుతుంది. దాని బలం ముందే తెలుసు. స్ప్రింగును దానికి సరిపోయేలా ఒకసారి బిగిస్తే చాలు.

షాట్‌గన్ సంగతి అలా కాదు. వేటగాడు ఉదయం చిన్న పిట్టల కోసం తేలిక తూటా, సాయంత్రం బాతుల కోసం బరువు తూటా అదే తుపాకీలో పెడతాడు. పైగా 1890లలో తుపాకీ మందే మారిపోతోంది. పాత నల్ల తుపాకీమందు తూటాలు, పొగరాని కొత్త మందు తూటాలు పక్కపక్కనే అమ్ముడయ్యేవి. ఒక్కో తయారీదారు తూటాకు ఒక్కో బలం. తూటాల గొట్టాలు కాగితంతో చేసినవి కావడంతో తేమ తగిలితే ఉబ్బేవి. ఇన్ని తేడాల మధ్య ఒకే యంత్రం తడబడకుండా పనిచేయాలి.

ఈ కష్టాలు బ్రౌనింగ్‌కు స్వానుభవమే. ఆయన ఎగిరే బిళ్లలను కొట్టడంలో దిట్ట. జాన్, మ్యాట్‌లతో పాటు గస్ బెకర్, ఎ.పి. బిగెలో కలిసిన ఆగ్డెన్ జట్టు ఆ రోజుల్లో ట్రాప్ పోటీల్లో పేరు మోసింది. నలుగురి ఇంటిపేర్లూ ఇంగ్లిష్ ‘బి’ అక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి దానికి నాలుగు బిల జట్టు అని పేరు వచ్చింది.

తన్నే శక్తికి పని

1898 నాటికి బ్రౌనింగ్ సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌పై గట్టిగా దృష్టి పెట్టారు. 1900 అక్టోబర్‌లో పేటెంట్ లభించింది. నాలుగు తూటాలు మ్యాగజైన్‌లో, ఒకటి గొట్టంలో, మొత్తం ఐదు పడతాయి కాబట్టి దానికి తర్వాత ఆటో-5 అనే పేరు వచ్చింది. వెనుకభాగం చతురస్రంగా, మూపురంలా ఎత్తుగా ఉండే ఆ రూపాన్ని తుపాకులు తెలిసినవారు దూరం నుంచే గుర్తుపడతారు.

దాని పనితీరును సుదీర్ఘ రికాయిల్ పద్ధతి అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీ గొట్టం, దాని వెనుక తలుపులా మూసుకుని ఉండే బోల్ట్ ఒకదానికొకటి బిగుసుకుని ఉన్న స్థితిలోనే రెండూ వెనక్కి జరుగుతాయి. తూటా పొడవు కన్నా ఎక్కువ దూరం అవి కలిసే ప్రయాణిస్తాయి. గొట్టం కింద, మ్యాగజైన్ గొట్టం చుట్టూ చుట్టుకుని ఉన్న బలమైన స్ప్రింగ్ ఈ ప్రయాణంలో నొక్కుకుపోతుంది.

వెనక కొసకు చేరాక బోల్ట్ అక్కడే పట్టుబడుతుంది. స్ప్రింగ్ గొట్టాన్ని ఒంటరిగా ముందుకు తోస్తుంది. గొట్టం ముందుకు జరిగేకొద్దీ బోల్ట్ పట్టుకుని ఉన్న ఖాళీ తూటా బయటపడి పక్కకు ఎగిరిపోతుంది. గొట్టం తన స్థానానికి చేరగానే బోల్ట్‌కు విడుదల. అది ముందుకు వస్తూ మ్యాగజైన్ నుంచి పైకి లేచిన కొత్త తూటాను గొట్టంలోకి నెడుతుంది. ఇదంతా రెప్పపాటులో ముగుస్తుంది.

ఈ వరుసలో ఒక్క నియమం తప్పినా పని చెడుతుంది. గొట్టం పూర్తిగా వెనక్కి చేరి తీరాలి. ఒక అంగుళం ముందే ఆగితే బోల్ట్ పట్టుబడదు, ఖాళీ తూటా బయటకు రాదు. అలాగని మరీ వేగంగా వచ్చి వెనక గోడను గుద్దుకుంటే చెక్క పగులుతుంది, ఉక్కు అరుగుతుంది. గుళ్ల వేగం ఇంచుమించు ఒకటే అనుకుంటే, 36 గ్రాముల తూటా స్థానంలో 24 గ్రాముల తూటా పెట్టినప్పుడు గొట్టాన్ని తోసే ఊపు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఈ రెండు హద్దుల మధ్య తుపాకీని నిలపాలి.

ఒక ఉక్కు ఉంగరం, ఒక కంచు ముక్క

బలమైన స్ప్రింగ్ పెడితే బరువు తూటాకు మేలు, తేలిక తూటాకు చేటు. బలహీనమైనది పెడితే అందుకు విరుద్ధం. కాబట్టి బ్రౌనింగ్ స్ప్రింగును అలాగే ఉంచి, దానికి తోడుగా ఒక బ్రేకును చేర్చారు. అది చాలా చిన్న వస్తువు. చీలిక ఉన్న ఒక కంచు ముక్క, ఒకవైపు అంచు వాలుగా చెక్కిన ఒక ఉక్కు ఉంగరం. రెండూ మ్యాగజైన్ గొట్టానికి తొడుగులా అమరుతాయి.

బరువు తూటా కాల్చదలచినప్పుడు ఉక్కు ఉంగరాన్ని స్ప్రింగుకు ముందు, దాని వాలు అంచు కంచు ముక్క వైపు ఉండేలా అమర్చాలి. తుపాకీ గొట్టం వెనక్కి వస్తున్నప్పుడు కంచు ముక్క రెండు వాలుల మధ్య ఇరుక్కుని బిగుసుకుంటుంది. లోపలున్న మ్యాగజైన్ గొట్టాన్ని పిడికిలిలా పట్టుకుంటుంది. ఆ రాపిడి అదనపు వేగాన్ని మింగేస్తుంది.

తేలిక తూటాకు అదే ఉంగరాన్ని తీసి స్ప్రింగు వెనుక, తుపాకీ శరీరం వైపు పెట్టాలి. ఇప్పుడు కంచు ముక్క నేరుగా స్ప్రింగు మీదే ఆనుతుంది. ఒకవైపు వాలు లేదు కాబట్టి పట్టు సడలుతుంది. రాపిడి తగ్గి, ఉన్న కొద్దిపాటి శక్తితోనే తుపాకీ గొట్టం పూర్తిగా వెనక్కి చేరుకుంటుంది. దీనికోసం ముందున్న చెక్కను విప్పితే చాలు. ఏ పరికరమూ అక్కరలేదు. అదనపు భాగం ఏదీ జేబులో వేసుకుని తిరగనక్కరలేదు. వాడని ఉంగరం కూడా తుపాకీలోనే దాగి ఉంటుంది.

నూనె చుక్క కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మ్యాగజైన్ గొట్టం మీద పలుచటి నూనె పొర ఉంటే రాపిడి తగ్గి తేలిక తూటాకు ఊతమవుతుంది. బరువు తూటాకు ఆ గొట్టం పొడిగా ఉండడమే మేలు. ఏళ్ల తరబడి పేరుకుని గట్టిపడిన జిడ్డు, మందు మసి తేలిక తూటాను సగంలోనే ఆపేస్తాయి. పాత ఆటో-5 మొరాయిస్తోందని మరమ్మతుకు తెచ్చినప్పుడు అనుభవం ఉన్నవారు మొదట చూసేది ఉంగరం ఎక్కడుందో, గొట్టం ఎంత శుభ్రంగా ఉందో అన్నదే. ఉంగరాన్ని తేలిక తూటా స్థానంలో మరచిపోయి బరువు తూటాలు కాల్చినవారి తుపాకుల్లో చెక్కలు పగిలిపోయేవి.

తుపాకీ తనంతట తానే సర్దుకునేలా కాకుండా, ఆ సర్దుబాటును వాడేవారి చేతికి అప్పగించడం ఈ పరిష్కారంలోని ముఖ్య విషయం. వాడేవారు యంత్రం లోపల ఏం జరుగుతోందో కాస్త తెలుసుకోక తప్పదు. ఆ మేరకు శ్రమ పడితే తుపాకీ దశాబ్దాల పాటు సేవ చేస్తుంది.

తెగిపోయిన బంధం

తన సృష్టిలో ఇదే మేలైనదని బ్రౌనింగ్ నమ్మారు. అందుకే ఈసారి పాత పద్ధతిలో ఒకే మొత్తానికి అమ్మేయడానికి ఆయన అంగీకరించలేదు. అమ్ముడయ్యే ప్రతి తుపాకీపైనా రాయల్టీ కోరారు. వించెస్టర్ అధిపతిగా ఉన్న బెనెట్ ముందు రెండు సమస్యలు నిలిచాయి. ఈ కొత్త తుపాకీ విజయవంతమైతే బాగా అమ్ముడవుతున్న తమ సొంత పంప్ షాట్‌గన్ దెబ్బతింటుంది. రాయల్టీ ఒకసారి ఒప్పుకుంటే ఇకపై ప్రతిదానికీ ఒప్పుకోవాలి. కంపెనీ ఎటూ తేల్చకుండా కాలం గడిపింది. 1902 ఆరంభంలో చర్చలు విఫలమయ్యాయి. బ్రౌనింగ్ తన నమూనా తుపాకీని చేతబట్టుకుని బయటకు వచ్చేశారు.

ఆయన తర్వాత రెమింగ్టన్ తలుపు తట్టారు. ఆ కంపెనీ అధ్యక్షుడు మార్సెల్లస్ హార్ట్‌లీతో సమావేశం ఖరారైంది. 1902 జనవరి 8న బ్రౌనింగ్ కార్యాలయంలో ఎదురుచూస్తుండగానే హార్ట్‌లీ గుండెపోటుతో మరణించారన్న వార్త వచ్చింది.

అమెరికాలో దారులు మూసుకుపోవడంతో బ్రౌనింగ్ అట్లాంటిక్ దాటి బెల్జియం వెళ్లారు. లియేజ్ నగరం పక్కనున్న హెర్‌స్టాల్‌లో 1889లో ఏర్పాటైన ఫాబ్రిక్ నాసియోనాల్ అప్పటికే ఆయన రూపొందించిన పిస్తోలును తయారు చేస్తోంది. 1902 మార్చిలో షాట్‌గన్ ఒప్పందం కుదిరింది. అందులో రాయల్టీ ఉంది. తయారీని నిలబెట్టేందుకు బ్రౌనింగ్ స్వయంగా పది వేల తుపాకులకు ఆర్డరు ఇచ్చారు. తన మాట మీద తనకున్న నమ్మకానికి ఆయన పెట్టిన ఖరీదు అది. ఆ తుపాకులు త్వరగానే అమ్ముడుపోయాయి.

1905లో రెమింగ్టన్ కూడా అనుమతి తీసుకుని మోడల్ 11 పేరుతో అదే తుపాకీని అమెరికాలో తయారు చేయడం ప్రారంభించింది. వించెస్టర్ ఆలస్యంగా మేలుకుంది. అప్పటికి బ్రౌనింగ్ పేటెంట్లు దారులన్నీ మూసేశాయి. బోల్ట్‌ను చేత్తో లాగే పిడి కూడా ఆ పేటెంట్ల పరిధిలోనే ఉంది. దాంతో వించెస్టర్ 1911లో తెచ్చిన తన సెమీ ఆటోమేటిక్‌లో పిడి లేదు. గొట్టాన్నే పట్టుకుని వెనక్కి తోయాలి. తేమకు ఉబ్బిన తూటా లోపల ఇరుక్కుంటే, కొందరు తుపాకీ మడమను నేలకు ఆనించి గొట్టాన్ని కిందికి నొక్కేవారు. అప్పుడు గొట్టం వారి ముఖం వైపు ఉండేది. ప్రమాదాలు జరిగాయి. ఆ తుపాకీ తయారీ 1925తో ముగిసింది.

ఆగకూడదన్న పట్టుదల

ఆగకుండా పనిచేయడమే బ్రౌనింగ్ యంత్రాలకు గీటురాయి. 1911 మార్చిలో అమెరికా సైన్యం నిర్వహించిన పరీక్షలో ఆయన .45 పిస్తోలు ఆరు వేల తూటాలను ఒక్క లోపమూ లేకుండా కాల్చింది. ఆ నెలాఖరులోనే సైన్యం దానిని స్వీకరించింది. 1917లో ఆయన మెషిన్ గన్ 48 నిమిషాల 12 సెకన్లు ఎడతెగకుండా పనిచేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తన ఆయుధాల హక్కులను ప్రభుత్వానికి ఏడున్నర లక్షల డాలర్లకు ఇచ్చేశారు. వించెస్టర్ దగ్గర రాయల్టీ కోసం పట్టుబట్టిన మనిషి, యుద్ధకాలంలో దేశం దగ్గర ఆ పట్టు పట్టలేదు.

యంత్రం నమ్మకంగా పనిచేస్తే దానిని పట్టుకున్న చేయి ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. 1914 జూన్ 28న సరాయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని కాల్చిన పిస్తోలు బ్రౌనింగ్ రూపొందించిన 1910 మోడల్. ఆ హత్య ప్రపంచ యుద్ధానికి దారితీసింది. ఆ పిస్తోలులో వాడిన 9 మిల్లీమీటర్ల పొట్టి తూటాను 1908లో లోకానికి పరిచయం చేసిందీ ఆయనే.

అదే రకం తూటా దిల్లీ చరిత్రలోనూ చెరగని గాయం చేసింది. 1948 జనవరి 30న బిర్లా హౌస్ ప్రాంగణంలో మహాత్మా గాంధీపై పేల్చిన బెరెట్టా పిస్తోలు ఇటలీలో తయారైనది, దాని రూపకర్త వేరు. కానీ అందులోని తూటా నాలుగు దశాబ్దాల కిందట బ్రౌనింగ్ నిర్ణయించిన కొలతలదే. అప్పటికి ఆయన మరణించి 21 ఏళ్లు గడిచాయి.

చివరి నమూనా

జీవిత చరమాంకంలో బ్రౌనింగ్ మళ్లీ షాట్‌గన్ వైపే మళ్లారు. ఈసారి స్ప్రింగులు, ఉంగరాలు, కదిలే గొట్టం ఏవీ లేవు. ఒకదానిపై ఒకటి రెండు గొట్టాలు, మధ్యలో విరిచి తూటాలు పెట్టే సాదా తుపాకీ. సూపర్‌పోజ్డ్ అని దానికి పేరు. ఖరీదైన తుపాకులకే పరిమితమైన ఆ అమరికను సామాన్య క్రీడాకారుడికి అందుబాటు ధరలో ఇవ్వాలన్నది ఆయన సంకల్పం.

ఆ తుపాకీని ఆయన పూర్తిస్థాయిలో చూడలేకపోయారు. 1926 నవంబర్ 26న హెర్‌స్టాల్ కర్మాగారంలో, కుమారుడు వాల్ కార్యాలయంలో గుండె ఆగి మరణించారు. వయసు 71 ఏళ్లు. పేటెంట్లు 128. ఆగ్డెన్‌లో అంత్యక్రియలు జరిగాయి. మిగిలిన పనిని వాల్ ముగించగా, సూపర్‌పోజ్డ్ 1931లో మార్కెట్లోకి వచ్చింది. ఆయన అసంపూర్తిగా వదిలిన ఒక పిస్తోలును బెల్జియం ఇంజినీరు డ్యూడొనె సేవ్ తుదిరూపానికి తెచ్చారు. 1935లో వెలువడిన ఆ హై-పవర్ పిస్తోలు తర్వాతి కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో భారత సైన్యం కోసం తయారైంది.

ఉంగరం తర్వాత

ఆటో-5 మాత్రం తన సృష్టికర్తను మించి జీవించింది. బెల్జియంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో, ఆ తర్వాత జపాన్‌లోని మిరోకు కర్మాగారంలో తయారై 1990ల చివరి వరకూ కొనసాగింది. 1958లో పొడవాటి మాగ్నమ్ తూటా కోసం ఒక రకాన్ని తెచ్చినప్పుడు, ఒక కంచు ముక్కకు బదులు రెండు పెట్టారు. మూలసూత్రం మారలేదు.

ఆ తర్వాతి తరం రూపకర్తలు ఉంగరం మార్చే శ్రమను తప్పించాలని చూశారు. 1950ల నుంచి వాయువుతో నడిచే షాట్‌గన్లు వచ్చాయి. పేలుడు వాయువు కొంత చిన్న రంధ్రాల గుండా పిస్టన్‌ను తోస్తుంది, ఎక్కువైనది బయటకు పోతుంది. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 వాటిలో ప్రసిద్ధం. 1960లలో ఇటలీకి చెందిన బ్రూనో చివొలానీ జడత్వ సూత్రంతో మరో దారి తీశారు. బెనెల్లీ తుపాకులు దానినే అనుసరించాయి.

ఏ దారిలోనూ మూల సమస్య మాయం కాలేదు. వాయువుతో నడిచే తుపాకీలో రంధ్రాలు మసితో పూడితే తేలిక తూటా మొరాయిస్తుంది. జడత్వంతో నడిచే తుపాకీకి వెనక్కి కదలికే ప్రాణం. తూటా మరీ తేలికైనా, తుపాకీకి అదనపు బరువులు తగిలించినా ఆ కదలిక చాలదు. బ్రౌనింగ్ 1900లో ఎదుర్కొన్న లెక్కనే ప్రతి తరమూ మళ్లీ కొత్తగా చేసుకోవలసి వస్తోంది. ఉన్నది కొంత శక్తి, అందులోనే పని పూర్తికావాలి, మిగిలితే హాని చేయకూడదు.

తుగ్లకాబాద్ రేంజ్‌లో నేడు 24 గ్రాముల తూటాతో పోటీపడేవారిలో అత్యధికుల చేతుల్లో ఉండేవి ఒకదానిపై ఒకటి రెండు గొట్టాలున్న తుపాకులే. వాటిలో తూటా తేలికైనా బరువైనా ఆగిపోయేదేమీ లేదు, మార్చేది మనిషి చెయ్యే. ఆ తుపాకీ రకాన్ని సామాన్యులకు చేరువ చేసిన వ్యక్తీ, స్వయంగా తూటా మార్చుకునే షాట్‌గన్‌ను నిలబెట్టిన వ్యక్తీ ఒక్కరే. ఆగ్డెన్ పాత రైల్వే స్టేషన్ భవనంలోని ప్రదర్శనశాలలో ఆయన చేతిపని నమూనాలను ఇప్పటికీ చూడవచ్చు.